బల్ల కింద వైరు

పోయినవారం నేను నోరు జారిన చోట ఆగాం. మీకు గుర్తుందో లేదో గానీ, నాకు మాత్రం ఆ మాట ఇంకా నాలుక మీదే ఉంది. ఈ కుట్టుగదిని అమ్మ మా అక్కచెల్లెళ్ళిద్దరికీ ఉమ్మడిగా వదిలిపోయింది. దాన్ని తన అల్లుడికి రాసిచ్చేయాలని అక్క పట్టు, ఇచ్చేది లేదని నా పట్టు. అక్క సంతకం నిన్ననే పడింది. నాదే మిగిలింది. ఇంతలో మూడు వారాల కిందట, బట్టల నమూనాలు గీసే మా పేటర్న్ మాస్టర్ పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి గీతల మిషన్ మూగబోయింది. ఆసుపత్రి నర్సుల యూనిఫారాల ఆర్డరు కోసం స్టోర్స్ మేడం శనివారం నాలుగింటికి వస్తానంది. అప్పటికి మిషన్ మొదటి కాగితం గీసి చూపిస్తేనే ఆర్డరు మాది. నీ వల్ల ఏమవుతుందే అని అక్క పనివాళ్ళందరి ముందూ ఎగతాళి చేస్తే, నాలుగింటిలోపు గీయించకపోతే నేనూ సంతకం పెట్టేస్తాను పొమ్మన్నాను. అదీ సంగతి.

ఇవాళ శనివారం. గోడ గడియారంలో రెండూ నలభై.

గీతల మిషన్ అన్నది మేం పెట్టుకున్న పేరు. అసలు పేరు ప్లాటర్. ఆరడుగుల వెడల్పు కాగితం మీద చొక్కా వీపు, చేతులు, కాలరు అన్నీ అసలు కొలతల్లో గీసి పడేస్తుంది. ఆ కాగితాన్ని గుడ్డల దొంతర మీద పరిచి గీత వెంట కోసుకుపోవడమే మా పని. చేత్తో రెండు రోజులు పట్టేది అది అయిదు నిమిషాల్లో గీస్తుంది. గదికి ఆ చివర అది, ఈ చివర కంప్యూటర్, మధ్యలో కోత బల్ల. రెంటినీ కలుపుతూ బల్ల కింద నుంచి ఒకే ఒక్క వైరు.

నాకు నలభై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళుగా కత్తెర పట్టినదాన్ని, కంప్యూటర్ ముట్టుకుని మూడు వారాలు. పోనీ అదైనా అందరి ఇళ్ళలో ఉండే రకమా అంటే కాదు. మాస్టర్ దాంట్లో విండోస్ తీసేసి లైనక్స్ అనే వేరే రకం వేసి పోయాడు. ఒంట్లో బాగున్నంతసేపూ బొమ్మలు నొక్కి పని చేసుకోవచ్చు. జబ్బు చేసిందా, నల్ల కిటికీ ఒకటి తెరిచి అందులో మాటలు కొట్టి అడగాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అలాంటి ఆజ్ఞే లేదు పొమ్మంటుంది, అచ్చం మా అక్కలాగే. మొదటి వారం అది పాస్‌వర్డ్ అడిగితే కొట్టాను. తెర మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. కీబోర్డు చచ్చిందనుకుని కొత్తది కొన్నాను. అదీ చచ్చిందనుకుని కొట్టుకు తీసుకెళ్ళి వాళ్ళతో అరగంట పోట్లాడాను. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు ఏమీ కనపడకపోవడమే దాని పద్ధతని ఫోన్లో రిపేరు మనిషి చెప్పేదాకా నాకు తెలియదు. అతను నవ్విన నవ్వుకి ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను. మర్నాడు మళ్ళీ నేనే చేశాను. ఏం చేస్తాం, అవసరం నాది.

ఆ రిపేరు మనిషి ఊళ్ళో లేడు, నెలాఖరు దాకా రాడు. అందుకే ఫోన్లో వైద్యం. అతను నాకు మూడు ప్రశ్నలు నేర్పాడు. కంప్యూటర్ లోపల నెట్‌వర్క్ కార్డు బతికి ఉందా, దానికి వైరు అందుతోందా, అవతల మిషన్ పిలిస్తే పలుకుతోందా. వాటికి కొట్టాల్సిన మాటలన్నీ కొలతల పుస్తకంలో, ఎవరిదో ఛాతీ నలభై, నడుము ముప్పై ఆరు అన్న పేజీ పక్కనే రాసుకున్నాను.

వరసగా అడిగాను. కార్డు బతికే ఉంది, తన పేరు చక్కగా చెప్పింది. పింగ్ అని కొట్టి మిషన్ నెంబరు కొడితే మాత్రం అవతలి వైపు అందడం లేదని పది వరసలు కక్కింది. మధ్య ప్రశ్న దగ్గరే ఉంది తిరకాసంతా. వైరు తగలడం లేదంటుంది అది. వైరు చూస్తే రెండు చివర్లా శుభ్రంగా గుచ్చే ఉంది. పీకి పెట్టాను, ఊది పెట్టాను, తిట్టి పెట్టాను. దాని తీరు దానిదే.

మళ్ళీ ఫోను. కంప్యూటర్ తనకు జరిగినవన్నీ గంటా నిమిషంతో సహా రాసుకుంటుందనీ, ఆ చిట్టా తెరిచి చదవమనీ అన్నాడు. తెరిచాను. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివితే పేజీ పొడుగునా ఒకటే పాట. లింక్ అప్, లింక్ డౌన్, లింక్ అప్, లింక్ డౌన్. సోమవారం పదీ అయిదుకి వైరు తగిలింది, నాలుగు సెకన్లకే ఊడింది. పదీ ఇరవైకి తగిలింది, ఊడింది. మంగళవారం పదకొండున్నరకి మూడుసార్లు. బుధవారం ఒక్క వరస కూడా లేదు. గురువారం పదిన్నర నుంచి మళ్ళీ మొదలు.

బుధవారం అక్క రాలేదు. కూతురింటికి వెళ్ళింది.

ఆ ముక్క బుర్రలో పడగానే ఒంటికి కారం రాసినట్టయింది. కోత బల్ల మీద గుడ్డ పరిచేది అక్క ఒక్కతే. ఆ వైరు పక్కన రోజూ గంటల తరబడి మసలేది అక్క ఒక్కతే. ఎవరైనా వైరు పీకి మళ్ళీ పెడుతుంటే ఇలా పడుతుందా అని రిపేరు మనిషిని అడిగాను. పడొచ్చు, వైరు లోపల ఎక్కడైనా తెగి ఉన్నా పడొచ్చు అన్నాడు. రెండో ముక్క నా చెవికెక్కలేదు. నిజం చెప్పాలంటే నేనే ఎక్కించుకోలేదు. చెప్పినందుకు సంతోషమని కూడా అనకుండా ఫోను పెట్టేశాను.

అప్పటికి అక్క బల్లకి అటు చివర తెల్లగుడ్డ పరుస్తోంది. ఆమె అల్లుడు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బజారులో రెడీమేడ్ బట్టల కొట్టు అతనిది. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు, అనిపించుకోడు. ఒళ్ళో జిప్పు సంచి, అందులో గది కాగితం. మా కుట్టుపనివాళ్ళు నలుగురూ తల వంచుకుని మిషన్లు తొక్కుతున్నారు. నేను రాసుకున్న వేళలన్నీ ఉన్న కొలతల పుస్తకాన్ని తెచ్చి అక్క పరుస్తున్న గుడ్డ మీద పడేశాను.

“చదువు,” అన్నాను. “నువ్వు ఈ బల్ల దగ్గరికొచ్చినప్పుడల్లా ఆ వైరు కదిలింది. నువ్వు రాని రోజు కదల్లేదు. మూడు వారాలుగా నాతో ఆడుకుంటున్నావా అక్కా?”

అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం జేవురించింది. నలుగురి కాళ్ళూ ఒకేసారి ఆగిపోయాయి, గదిలో మిషన్ల చప్పుడు పోయింది.

“నిన్ను ఓడించడానికి నాకు వైర్లు పీకే ఖర్మేంటే?” అంది అక్క. “నీ అంతట నువ్వే ఓడిపోతావుగా. చిన్నప్పటి నుంచీ అంతేగా.”

ఇంక అక్కడి నుంచి ఎవరం తగ్గలేదు. అమ్మ మంచాన పడ్డ ఎనిమిది నెలల్లో అక్క ఎన్నిసార్లు గడప తొక్కిందో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. నా మొగుడు నన్నెందుకు వదిలేసి పోయాడో ఆవిడ పనివాళ్ళందరికీ వినపడేలా వివరంగా చెప్పింది. కూతురి కాపురం నిలబెట్టుకోవడానికి చెల్లెలి కూడు తీసి అల్లుడి నోట్లో పెడుతున్నావన్నాను. నీ కూడు నీ నోటి దురుసుతనమే తినేసిందని ఆవిడ అంది. ఇద్దరం ఒక్క కడుపున పుట్టామని చెబితే ఎవరూ నమ్మరు.

అల్లుడు లేచి నిలబడి, అత్తయ్యగారి వయసుకైనా విలువివ్వమనీ, కంప్యూటరేదో రాసిందని మనిషి మీద నింద వేయడం నాలాంటివాళ్ళకి తగదనీ మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనం చూస్తే నాకు ఒంటి మీద తేళ్ళు పాకినట్టుంటుంది. మీరు కూర్చోండి, ఇది మా ఇద్దరి మధ్యన అన్నాను.

అక్క చేతిలో గుడ్డ వదిలేసింది.

“బల్ల కింద దూరు,” అంది. “అక్కడ నా చెయ్యి పడ్డ ఆనవాలు ఒక్కటి చూపించు, కాగితం నేనే చింపేస్తాను. చూపించలేకపోయావా, నాలుగు దాకా ఆగేది లేదు, ఇప్పుడే సంతకం పెట్టేయ్.”

సరే అన్నాను. ఆ క్షణంలో నా అంత తెలివైనది భూమ్మీద లేదనుకున్నాను.

ఫోనులో దీపం వేసుకుని బల్ల కింద దూరాను. నూలుపోగులు, విరిగిన చాక్ ముక్కలు, గుండుసూదులు. అరచేతిలో ఒకటి దిగింది కూడా. కంప్యూటర్ నుంచి వచ్చిన వైరు బల్ల కాలు దాటి నీలం లైనింగ్ గుడ్డ గొట్టంలోకి దూరింది. వైరు లావుకి సరిపడా కుట్టి, బల్ల అడుగున బిగించిన కాన్వాసుకి కలిపి వేసిన గొట్టం. వంకర లేదు, ముడత లేదు, కొలిచి పెట్టినట్టున్న కుట్లు. ఎంత బాగా కుట్టారో అనుకున్నాను ముందు. ఆ తర్వాత గుర్తొచ్చింది.

మాస్టర్ వెళ్ళిపోయిన రోజు సాయంత్రం ఒక పనమ్మాయి కాలికి ఆ వైరు తగులుకుని పడబోయింది. ఇంకెవరైనా అయితే ఒక మేకు కొట్టి దానికి తగిలించేవాళ్ళు. మేం కుట్టుపనివాళ్ళం. వేలాడేది ఏది కనపడినా కుట్టేయడం మా జబ్బు. మిగిలిన లైనింగ్ ముక్క తీసి వైరుకి తొడుగు వేశాను, కాన్వాసు మందంగా ఉందని దబ్బనం తీసుకుని బల్లకి కలిపి కుట్టేశాను. పావుగంట పని. చేసి మరిచిపోయాను.

గొట్టం వెంట వేలు పెట్టి తడుముతూ పోయాను. మూడో కుట్టుకీ నాలుగో కుట్టుకీ మధ్య వైరు గట్టిగా పట్టేసుకుని ఉంది, లాగితే రాలేదు. గుడ్డ పక్కకి తప్పించి చూశాను. దారం వైరు పక్కన పోలేదు. నడుమ నుంచి పోయింది. దబ్బనం వైరుని ఈ పక్క నుంచి ఆ పక్కకి పొడిచేసింది. అక్క ఈ బల్ల మీద ఒళ్ళంతా వాల్చి గుడ్డ పరిచినప్పుడల్లా కాన్వాసు కదిలి, తెగిన రాగి కొసలు రెండూ ఒక్క క్షణం తగులుకుని మళ్ళీ విడిపోయేవి. చిట్టా అబద్ధం చెప్పలేదు. నేను నాక్కావలసినట్టు చదువుకున్నాను.

చివర ముడి చూశాను. మూడు చుట్లు తిప్పి వేసిన ముడి. అక్క రెండే తిప్పుతుంది. ఇద్దరికీ నేర్పింది అమ్మే అయినా ఆ ఒక్కచోట చేతులు వేరు.

 చిన్న కత్తెర నా మెడలోనే వేలాడుతోంది. ముడి కోసేసి, గొట్టం చించి పారేసి, అక్క తొక్కీ తొక్కీ వైరు తెగిందని చెబితే కాదనేవాళ్ళు లేరు. ఆ మాట నోటిదాకా వచ్చింది. బల్ల అవతల అక్క పాదాలు కనపడుతున్నాయి, కదలకుండా నిలబడి ఉంది. చెప్పవే, ఏముందక్కడ, అంటోంది. మీరు నన్ను మంచిదాన్ని అనుకోనక్కర్లేదు. అక్క మీద జాలితో కాదు. నా కుట్టుని నాది కాదని అనడం మాత్రం నా వల్ల కాలేదు.

బయటికొచ్చి మోకాళ్ళ మీదే కూర్చుని, “కుట్టు నాదే,” అన్నాను.

అక్క నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అల్లుడి వైపు చెయ్యి చాపింది. అతను సంచి తెరిచి కాగితం బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. తెల్లగుడ్డకి సిరా అంటకుండా కింద అట్ట కూడా పెట్టాడు, అంత జాగ్రత్త మనిషి. పెట్టాను. నా పేరులో చివరి అక్షరం ఎప్పుడూ తిన్నగా పడదు, ఇవాళ ముత్యంలా పడింది. కాగితం సంచిలోకి వెళ్ళిపోయింది. గడియారంలో మూడూ పాతిక.

“ఇప్పుడన్నా నేర్చుకో,” అంది అక్క, “తెలియని దాన్ని చదివి మనుషుల మీద పడకు.”

నేను బల్ల కిందికే పోయాను. ఇంక దానితో మీకేం పని పిన్నిగారూ, సోమవారం మా మనిషి వచ్చి చూసుకుంటాడని అల్లుడు అంటూనే ఉన్నాడు. సోమవారం దాకా ఇది నా బల్ల అన్నాను. నలుగురు పనివాళ్ళ ముందు సగం పని వదిలేసి పోయేంత పరువు తక్కువదాన్ని కాను. పైగా కుట్టింది నేను, విప్పాల్సిందీ నేనే.

దారం కోసి వైరు బయటికి లాగాను. బ్లేడుతో పైతోలు చీరితే లోపల ఎనిమిది సన్న వైర్లు, జతలు జతలుగా మెలేసుకుని ఉన్నాయి. నారింజ రంగుది పూర్తిగా తెగింది, దాని జతది సగం. ఇంత సన్నవి పట్టుకోవడానికి కంప్యూటర్ చదువులేం అక్కర్లేదు, ముప్పై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన వేళ్ళు చాలు. కొసలు గీరి, రంగుకి రంగు మెలేసి, దేనికది విడివిడిగా టేపు చుట్టాను. లేచి కంప్యూటర్ వెనక చూస్తే ఆకుపచ్చ దీపం వెలిగింది. పింగ్ కొట్టాను. పిలిచిన ప్రతిసారీ మిషన్ పలికింది.

గడియారంలో మూడూ యాభై. నోరు మూసుకుని ఉంటే గెలిచేదాన్ని. పందెం ప్రకారం ఇంకా పది నిమిషాలు టైముంది నాకు. ఏడుపొచ్చింది, ముక్కు చీదుకునే వంకతో పవిటతో తుడుచుకున్నాను. అక్క చూడనట్టు గుడ్డ మడతలు సరిచేసుకుంటోంది.

సరిగ్గా అప్పుడే స్టోర్స్ మేడం వచ్చింది. ఆవిడ వెనకాలే గీతల మిషన్ కూడా గర్రుమని లేచి, నేనేమీ నొక్కకుండానే కాగితం లాక్కుంది. వైరు లేనప్పుడు పంపినవేవీ పోవనీ, వరసలో నిలబడి ఉంటాయనీ, ముందు పంపింది ముందు వస్తుందనీ రిపేరు మనిషి ఎప్పుడో చెప్పాడు. ఈ మూడు వారాల్లో నర్సు కోటుని నేను పన్నెండుసార్లు పంపాను. పన్నెండు కోట్లు గీస్తుంది కాబోలు, గీయనీ అనుకుని మేడానికి కుర్చీ వేసి దగ్గరే నిలబడ్డాను.

పెన్ను ఒక తిన్నటి గీత గీసింది. ఆరడుగులు, ఎక్కడా వంపు లేదు. చంక వంపు లేని కోటు ఏమిటని మేడం అడిగింది. నాకూ అర్థం కాలేదు. అడ్డంగా మరో గీత, పక్కనే తలుపు గుర్తు, వీధి వైపు మూడు కిటికీలు. మూడో కిటికీ మిగిలిన రెంటికన్నా ఇరుకు. ఆ ఇరుకు కిటికీ కింద నిలబడే నేనా కాగితం చూస్తున్నాను. అది మా గది.

మాస్టర్ వెళ్ళిన మర్నాడు, ఆదివారం, అల్లుడు వచ్చి మిషన్‌కేం జబ్బో చూస్తానని గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చుని, లాభం లేదని చెప్పి పోయాడు. అందరికన్నా ముందు పంపింది ఎవరో అప్పుడర్థమైంది. గదిలో అందరికీ అర్థమైంది. పెన్ను మాత్రం తన పాటికి తను గీసుకుపోతూనే ఉంది. కంప్యూటర్ ఉన్నచోట కౌంటర్ అని రాసింది. కోత బల్ల ఉన్నచోట ట్రయల్ రూములు, రెండు. నా మిషన్ ఉన్న మూల గోడౌన్. కింద కొత్త బ్రాంచి అని పెద్ద అక్షరాలు, ఆ ఆదివారం తేదీ.

నాకేమీ అనిపించలేదు. నన్ను గెంటేస్తారని నాకెప్పుడో తెలుసు. అక్క కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కాగితం మీదికి వంగింది. వేలు తలుపు దగ్గర పెట్టి, గోడ వెంట నడిపించుకుంటూ మొదటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. పద్దెనిమిదో ఏట నుంచీ ఆవిడ కూర్చునే చోటది. అక్కడ చెప్పుల అర అని రాసి ఉంది. వేలు అక్కడే ఆగిపోయింది.

“అల్లుడుగారూ,” అంది, చాలా నెమ్మదిగా. “కుట్టుపనంతా నా చేతి కిందే నడుస్తుందన్నారు. నా చోట్లో నన్ను కదపనన్నారు. ఇందులో కుట్టుమిషన్ ఒక్కటైనా లేదేమండీ?”

అది పాత ప్లానని, ఊరికే వేసి చూసిందని, మళ్ళీ మారుస్తామని అతను అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది గానీ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మార్చేదాకా ఆ సంతకాల కాగితం తన దగ్గర ఉండనిమ్మని అక్క చెయ్యి చాపింది. వకీలు ఎదురుచూస్తున్నాడు అత్తయ్యగారూ, ఆలస్యమైపోయింది అంటూ అతను సంచి జిప్పు ఈ చివర నుంచి ఆ చివరికి లాగేసి లేచాడు.

అక్క అతన్ని దాటుకుని వెళ్ళి తలుపు మూసింది. పై గడియా కింది గడియా రెండూ వేసింది. స్టోర్స్ మేడం కుర్చీలోంచి లేవబోతే, మీరు కూర్చోండమ్మా, మీతో పనుంది, సాక్ష్యం కావాలి అంది. తలుపుకి వీపు ఆనించి నిలబడి, మూడు వారాల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

“ఏమే,” అంది, జిప్పు సంచి వైపు గడ్డం ఎగరేసి, “ఆ పెద్ద కత్తెర ఇలా పట్రా.”